రేణిగుంటకు ఎదురు వెళ్లే రోజును పిల్లల విహారయాత్రగా ఎలా మార్చుకోవాలి?

నెల్లూరువాళ్లకు విమానం అంటే ఒకవైపు చెన్నై, ఇంకోవైపు తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట. దగదర్తిలో విమానాశ్రయం వచ్చేదాకా అంతే. అందుకే దూరం నుంచి అక్కో బావో వస్తున్నారంటే ఇంటిల్లిపాదీ కారెక్కుతాం. మూడేళ్ల కిందట మేమూ అలాగే వెళ్లాం. మా మేనల్లుడికి అప్పుడు ఆరేళ్లు. రెండున్నర గంటలు కారులో కూర్చున్నాడు, విమానాశ్రయం బయట గంటన్నర నిలబడ్డాడు, మళ్లీ రెండున్నర గంటలు కారులో ఇంటికొచ్చాడు. కారు దిగుతూ "మరి విమానం ఎక్కడ?" అని అడిగాడు. వాడికి ఆ రోజంతా విమానం కనిపించనే లేదు. టెర్మినల్ ముందు ఆగిన కార్లు తప్ప ఏమీ చూడలేదు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. అప్పటినుంచి రేణిగుంటకు వెళ్లిన ప్రతిసారీ ముందు పిల్లల రోజు ఎలా గడవాలో అనుకుని, ఆ తరువాతే బయలుదేరుతున్నాం.

ముందు విమానం వేళ చూసుకోండి

రోజు ఎలా సాగాలో ఆ వేళే నిర్ణయిస్తుంది. విమానం ఉదయాన్నే దిగుతుంటే ముందు వాళ్లను ఎక్కించుకుని, తిరుగుదారిలో శ్రీకాళహస్తి దగ్గర ఆగండి. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషిని తిరుపతి అవతల ఉన్న జూకు తీసుకెళ్లి నడిపించడం న్యాయం కాదు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు విమానం ఉంటే మీకు మంచి రోజు దొరికినట్టే. ఉదయం ఆరింటికి నెల్లూరులో బయలుదేరితే గూడూరు, నాయుడుపేట మీదుగా శ్రీకాళహస్తి, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లలో రేణిగుంట. మొత్తం సుమారు 125 కిలోమీటర్లు. టిఫినుకు ఆగినా తొమ్మిదిన్నరకల్లా ఆ ప్రాంతంలో ఉంటారు. ఒంగోలు వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకో 120 కిలోమీటర్లకు పైగా కలుపుకోవాలి. చిన్నపిల్లలుంటే ముందురోజు రాత్రి నెల్లూరులో బంధువుల ఇంట పడుకుని బయలుదేరడం మేలు.

తిరుగు ప్రయాణానికి సీట్లు లెక్కపెట్టండి

ఇది అందరూ మరిచిపోయే లెక్క. వెళ్లేటప్పుడు సరిపోయిన కారు వచ్చేటప్పుడు సరిపోదు. వచ్చే మనిషికి ఒక సీటు, ఆయన రెండు పెద్ద సూట్‌కేసులకు డిక్కీ మొత్తం కావాలి. మేము వెళ్లిన ఆ మొదటిసారి ఒక పెట్టె వెనక సీటులో మా అమ్మ ఒళ్లోకి వచ్చింది. నాయుడుపేట చేరేసరికి ఆమె కాళ్లు తిమ్మిరెక్కి కిందికి దిగలేకపోయింది. పెద్దవాళ్లను ఇంత ఇబ్బంది పెట్టకూడదు. అందరూ రావాలనుకుంటే పెద్ద బండి మాట్లాడుకోండి, లేదా కొందరు రైలులో వెళ్లండి. గూడూరు నుంచి రేణిగుంట రైలుమార్గం వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగానే వెళ్తుంది. పిల్లలకు కిటికీ పక్కన సీటు దొరికితే ఆ ప్రయాణం కూడా విహారమే.

ఒక్క చోటు ఎంచుకోండి, రెండు వద్దు

శ్రీకాళహస్తి దర్శనం, జూ, చంద్రగిరి కోట, అలిపిరి దగ్గర విజ్ఞాన కేంద్రం, ఇవన్నీ ఒకే రోజులో పెట్టుకున్నవాళ్లను చూశాను. సాయంత్రానికి పిల్లలు ఏడుస్తుంటారు, పెద్దలు కసురుతుంటారు. ఏ ఒక్కటీ సరిగ్గా చూసినట్టు ఉండదు.

జూ చూడాలంటే పూట మొత్తం దానికే ఇవ్వండి. శ్రీవేంకటేశ్వర జూపార్కు 1987లో మొదలైంది, అయిదున్నర వేల ఎకరాలకు పైగా విస్తరించి ఉంది. విమానాశ్రయం నుంచి తిరుపతి ఊరు దాటి వెళ్లాలి కాబట్టి ఒక్కోవైపు గంట పడుతుందని అనుకోండి. ఎండ ముదిరితే జంతువులు నీడలో పడుకుంటాయి కాబట్టి గేటు తెరిచే వేళకే వెళ్లండి. మంగళవారం సెలవు.

పదేళ్లు దాటిన పిల్లలకు నేను చంద్రగిరి చెబుతాను. విజయనగర రాజులకు చివరి రోజుల్లో రాజధానిగా ఉన్న కోట అది. మూడంతస్తుల రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. "దూలం ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి" అని పిల్లలకు చెప్పి లోపలికి పంపండి, అరగంట తలలు పైకెత్తే తిరుగుతారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు స్థలం దక్కినప్పుడు ఆ ప్రాంతం చంద్రగిరి రాయల ఏలుబడిలోనే ఉందని చెబితే, చెన్నై చూసిన పిల్లలకు ఆ కోట మీద గౌరవం పెరుగుతుంది. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో ప్లానెటేరియం ఉంది. ఎండాకాలంలో, వాన పడుతున్న రోజున అదే మంచి ఆసరా.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం శ్రీకాళహస్తి. దారిలోనే ఉంటుంది, తిరుపతి ట్రాఫిక్‌తో పని లేదు. శ్రీ అంటే సాలెపురుగు, కాళ అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచిన కథను దారిలోనే చెప్పేయండి, గుడిలో పిల్లలు వాటిని వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటారు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మేలో కూలిపోయింది. ఇప్పుడు కనిపించేది మళ్లీ కట్టిన గోపురం. రాహుకాలంలో పూజల రద్దీ ఎక్కువ. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరింటిదాకా రాహుకాలం, పిల్లలతో ఆ వేళకు వెళ్లవద్దు.

గుడి అయ్యాక నేరుగా కారెక్కకండి. ఆ ఊళ్లో కలంకారీ వేసేవాళ్లున్నారు. అనుమతి అడిగి, పిల్లలను అరగంట పక్కన కూర్చోబెట్టండి. గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. వెదురు పుల్ల కొసకు చుట్టలా గుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. వేళ్లతో ఆ చుట్టను కొద్దిగా నొక్కినప్పుడల్లా రంగు కిందికి దిగుతుంది. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి చాలా రోజులు ఊరనిస్తారు. ఆ నీరు గుడ్డలోని కరక్కాయ సారానికి తగలగానే గీత నల్లబడుతుంది. మా మేనల్లుడు అది చూసి ఊపిరి బిగబట్టాడు, ఇంటికొచ్చాక వంటింట్లో కరక్కాయ ఉందా అని వాళ్ల అమ్మమ్మను వారం రోజులు అడిగాడు. ఒక చిన్న ముక్క కొని ఇవ్వండి, బేరం ఎక్కువ ఆడకండి. ఆ గీత వెనక ఎన్ని రోజుల పని ఉందో ఇప్పుడే చూశారు కదా.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే ఇంకో దారి ఉంది. నాయుడుపేట దగ్గర తిరగకుండా సూళ్లూరుపేట వైపు కొంత దూరం వెళ్తే నేలపట్టు. చెరువులో నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను సాకుతుంటాయి. తల్లి సంచిలాంటి ముక్కులోకి పిల్ల తలంతా దూర్చి చేపలు తినడం దూరదర్శినితో చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లవారగానే చేరాలి, గొంతులు తగ్గించాలి.

విమానాశ్రయంలో విమానం చూపించండి

టికెట్టు లేనివాళ్లను టెర్మినల్ లోపలికి పంపరు. కాబట్టి విమానం కనిపించేది ఆకాశంలోనే. ఫోనులో ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్ పెట్టుకుని, వచ్చే విమానం నంబరు కొట్టి పిల్లల చేతికి ఇవ్వండి. ఆ చిన్న పసుపు బొమ్మ పటం మీద కదులుతుంటే వాళ్లకు విసుగు ఉండదు. దిగడానికి పది నిమిషాల ముందు పార్కింగులో, కార్ల దారికి దూరంగా నిలబడి అది వస్తున్న దిక్కుకు చూడమనండి. మొదట నక్షత్రంలాంటి దీపం ఒకటి కనిపిస్తుంది. తరువాత అది పెరిగి, రెక్కలు, బయటికి చాపిన చక్రాలు కనిపిస్తాయి. రెక్కలు కిటికీలకు పైన ఉండి ప్రొపెల్లర్లు తిరుగుతుంటే అది ఏటీఆర్, డెబ్భై మందికి పైగా పడతారు. రెక్కలు కింద ఉండి వాటికి లావు ఇంజన్లు వేలాడుతుంటే ఎయిర్‌బస్ లేదా బోయింగ్. గాలికి ఎదురుగా దిగుతుందని చెప్పి, గాలి ఎటు వీస్తోందో పిల్లలనే చూడమనండి.

ప్రహరీ పక్కన రోడ్డు మీద కారు ఆపి చూడవద్దు, భద్రతా సిబ్బందిని ఫొటోలు తీయవద్దు. విమానం దిగాక సామాను చేతికి రావడానికి అరగంట పట్టవచ్చు. అప్పటిదాకా పార్కింగులోనే ఉండి, వాళ్లు ఫోను చేశాక కారు ముందుకు తీసుకెళ్లండి.

తిరుగుదారి

పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే వచ్చిన మనిషికి కూడా మిగిల్చి ఉంచండి. ఎన్నో నెలలకు ఇంటి వంట తినే వాళ్లకు ఆ డబ్బా మూత తెరవడమే ఊరు చేరినట్టు. ఉదయం నుంచి బండి నడిపిన మనిషిని నాయుడుపేటలో దింపి, ముఖం కడిగించి, టీ తాగించండి. అక్కడి నుంచి జాతీయ రహదారి మీద లారీలు ఎక్కువ. చీకటి పడితే గూడూరు దాకా మరొకరు నడపడం మంచిది. ముందు సీటులో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు.