జాతీయ ఫుట్‌బాల్ జట్టు గెలుపులో కోచ్ వాటా తేల్చడం ఎలా

జట్టు పెద్ద టోర్నీ గెలిచిన రాత్రే అభిమానులు రెండుగా చీలిపోతారు. ఆ ఆటగాళ్లుంటే ఎవరైనా గెలిపిస్తారని ఒక వర్గం, ఈ కోచ్ లేకపోతే గ్రూప్ దశ కూడా దాటేవాళ్లు కాదని ఇంకో వర్గం. ఇద్దరూ ఫలితం చూశాకే మాట్లాడుతున్నారు కాబట్టి ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు. వాదన కదలాలంటే కోచ్ నిర్ణయాలను ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. ఆ రోజు ఆయన ముందు ఏయే దారులున్నాయి, ఏది ఎంచుకున్నాడు, ఆ స్థానంలో మామూలు కోచ్ ఉంటే ఏది ఎంచుకునేవాడు? ఈ రెండింటి మధ్య తేడాయే కోచ్ వాటా. మిగతాది ఆటగాళ్లకు, ప్రత్యర్థికి, అదృష్టానికి చెందుతుంది.

ముందు అంచనా, తర్వాత ఫలితం

ఈ జట్టు ఎన్ని గెలవాలో తెలియకుండా ఎక్కువ గెలిచిందో తక్కువ గెలిచిందో చెప్పలేం. అంచనాకు ఫిఫా ర్యాంకింగ్ పాయింట్లు సరిపోతాయి. 2018 నుంచి ఫిఫా వాడుతున్న పద్ధతిలో రెండు జట్ల పాయింట్ల తేడాను బట్టి ప్రతి మ్యాచ్‌కూ ఒక అంచనా విలువ వస్తుంది. పాయింట్లు సమానమైతే 0.5. తేడా 100 ఉంటే పైజట్టుకు 0.59, 200 ఉంటే 0.68, 300 ఉంటే 0.76. కిందిజట్టు విలువ కావాలంటే దాన్ని 1 లోంచి తీసేయండి. అసలు ఫలితానికి గెలుపైతే 1, డ్రా అయితే 0.5, ఓటమి అయితే 0 వేయండి.

ఒక కోచ్ పది మ్యాచ్‌లు ఆడించాడనుకుందాం. మూడు తనకంటే 200 పాయింట్లు తక్కువున్న జట్లతో, నాలుగు సమానులతో, మూడు 200 ఎక్కువున్నవాళ్లతో. అంచనా మొత్తం 2.04, 2.00, 0.96 కలిపి 5. జట్టు ఐదు గెలిచి, మూడు డ్రా చేసి, రెండు ఓడితే వచ్చింది 6.5. అంటే 1.5 అదనం. ఇది చూసి వెంటనే చప్పట్లు కొట్టకండి. కోచ్ ప్రమేయం ఏమీ లేకపోయినా ఫలితాలు అటూఇటూ ఊగుతాయి. ఆ ఊగిసలాట ఎంతో చూడటానికి మ్యాచ్‌ల సంఖ్యకు వర్గమూలం కట్టి, 0.4తో గుణించండి. పది మ్యాచ్‌లకు దాదాపు 1.26 వస్తుంది. 1.5 దాన్ని కాస్త దాటింది. ఏదో ఉందన్న అనుమానానికి చాలుతుంది, తీర్పుకు చాలదు. 36 మ్యాచ్‌లకు ఊగిసలాట 2.4. అక్కడ 5 అదనం కనిపిస్తే అప్పుడు గట్టిగా మాట్లాడవచ్చు.

ఈ లెక్క నాలుగు చోట్ల తప్పుతుంది. ఇవాళ్టి పాయింట్లు కాకుండా మ్యాచ్ ముందునాటివే తీసుకోవాలి. ఫిఫా సూత్రంలో సొంతగడ్డ అనుకూలతకు చోటు లేదు, కాబట్టి స్వదేశంలో ఎక్కువ ఆడిన కోచ్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తాడు. స్నేహపూర్వక మ్యాచ్‌లను విడిగా పెట్టండి, వాటిలో కోచ్‌లు ప్రయోగాలు చేస్తారు. చాలామంది పట్టించుకోనిది నాలుగోది: ఏళ్లుగా ఉన్న కోచ్ జట్టు ర్యాంకును తానే పైకి తెచ్చి ఉంటే, పెరిగిన అంచనా ఆయనకే ఎదురు తిరుగుతుంది. అలాంటప్పుడు సొంత జట్టు పాయింట్లను ఆయన బాధ్యతలు తీసుకున్న రోజు దగ్గర స్థిరంగా ఉంచి, ప్రత్యర్థుల పాయింట్లను మాత్రం మ్యాచ్ నాటివి వాడండి.

సమంగా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీ కిక్‌లతో తేల్చే షూటౌట్‌లో గెలిచినా ఓడినా దాన్ని డ్రాగానే రాసుకోండి. ఫిఫా షూటౌట్ గెలుపుకు 0.75 ఇస్తుంది, కోచ్‌ను తూచడానికి మాత్రం ఆ అదనం వద్దు. షూటౌట్‌కు కోచ్ ప్రత్యేకంగా ఏదైనా చేసి ఉంటే, కింద చెప్పే నిర్ణయాల పట్టికలో అది వేరే వస్తుంది.

అదృష్టాన్ని విడదీయడం

ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, అందరూ ఎక్స్‌జీ అనేది, ఇక్కడ పనికొస్తుంది. ప్రతి షాట్‌కూ గోల్ అయ్యే అవకాశమెంతో అది చెబుతుంది. పెనాల్టీకి చాలా మోడళ్లు 0.76 నుంచి 0.79 మధ్య విలువ ఇస్తాయి. పది పన్నెండు మ్యాచ్‌లు వరుసగా ఎక్స్‌జీ కంటే ఎక్కువ గోల్స్ వస్తున్నాయంటే గోల్స్ కొట్టే ఫినిషర్ గొప్పవాడైనా కావాలి, అదృష్టం వెంట నడుస్తూనైనా ఉండాలి. కోచ్ పని ప్రధానంగా కనిపించేది అవకాశాలు సృష్టించడంలో, ఎదుటివాళ్ల అవకాశాలను తగ్గించడంలో. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీతో మాత్రం ఏదీ తేల్చవద్దు. ముందే గోల్ కొట్టిన జట్టు వెనక్కి తగ్గి ఆడుతుంది, ఎక్స్‌జీ ఎదుటివాళ్లకు పెరుగుతుంది. అది కోచ్ వైఫల్యం కాదు.

2022 ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా 2-1తో అర్జెంటీనాను ఓడించిన మ్యాచ్ దీనికి మంచి పాఠం. సౌదీ కోచ్ హెర్వే రెనార్ రక్షణ ఆటగాళ్ల వరుసను బాగా ముందుకు జరిపి నిలబెట్టాడు. తొలి అర్ధభాగంలోనే అర్జెంటీనా మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా, అంటే ఆ వరుసను ముందే దాటి నిలబడ్డారని, రద్దయ్యాయి. మెస్సీ ఉన్న జట్టు మీద అంత పైకి నిలవడం ధైర్యమైన ఎంపిక, మామూలు కోచ్ పెనాల్టీ బాక్స్ ముందు గోడ కట్టేవాడు. ఆ క్రెడిట్ పూర్తిగా రెనార్‌దే. రెండో అర్ధభాగం మొదట్లో ఐదు నిమిషాల తేడాతో వచ్చిన రెండు గోల్స్‌ను మాత్రం అదే పద్దులో వేయలేం. సౌదీ మ్యాచ్ మొత్తంలో కొట్టింది వేళ్ల మీద లెక్కపెట్టగల షాట్లే. తర్వాత పోలండ్, మెక్సికోల చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. పథకానికి పూర్తి మార్కులు వేయండి, స్కోరుకు సగమే వేయండి.

నిర్ణయాల పట్టిక

అసలు పని ఇది. ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి: నిర్ణయం, ఎప్పుడు తీసుకున్నాడు, మిగతా దారులు ఏమిటి, ఇష్టపడి చేశాడా గాయం వల్ల చేశాడా, దాని వల్ల ఏం మారింది. చివరి గడి నింపకముందే మొదటి నాలుగూ నింపేయాలి. ఫలితం తెలిశాక నింపితే ప్రతి నిర్ణయమూ తెలివైనదిగానో, తెలివితక్కువదిగానో కనిపిస్తుంది. అందుకే జట్టు ప్రకటన రాగానే, మ్యాచ్ మొదలుకాకముందే రాయడం మంచిది.

ఆటగాళ్ల ఎంపికతో మొదలుపెట్టండి. ఏ కోచ్ అయినా ఎంచుకునే ఎనిమిది తొమ్మిది పేర్లు ప్రతి జట్టులోనూ ఉంటాయి, వాటికి క్రెడిట్ లేదు. మిగిలిన రెండు మూడు స్థానాల్లోనే కోచ్ కనిపిస్తాడు. సౌదీ చేతిలో ఓడాక అర్జెంటీనా కోచ్ స్కలోనీ చేసింది గమనించండి. మెక్సికో మ్యాచ్‌లో మెకలిస్టర్‌ను మొదటి నుంచీ ఆడించాడు, ఎంజో ఫెర్నాండెజ్‌ను బెంచీ నుంచి దింపాడు. పోలండ్ మ్యాచ్ నాటికి ఎంజో, హూలియన్ అల్వారెజ్ ఇద్దరూ తుదిజట్టులోకి వచ్చేశారు. లౌటారో మార్టినెజ్, పరెదెస్ లాంటి తన నమ్మకస్తులను టోర్నీ మధ్యలో పక్కనపెట్టాడు. ఫ్రాన్స్‌తో ఫైనల్లో డి మరియాను ఎడమవైపు ఆడించాడు, తొలి గోల్‌కు పెనాల్టీ తెచ్చిందీ, రెండో గోల్ కొట్టిందీ అతనే. అదే స్కలోనీ 64వ నిమిషంలో డి మరియాను బయటికి తీశాక 80, 81 నిమిషాల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె రెండు గోల్స్ కొట్టాడు. ఆ మార్పు పక్క గడిలో ప్రశ్నార్థకం పెట్టాల్సిందే. కప్పు గెలిచాడు కదా అని దాన్ని చెరిపేస్తే పట్టిక ఎందుకూ పనికిరాదు.

నాలుగో గడి, అంటే ఇష్టమా బలవంతమా అన్నది, బద్ధకిస్తే ఖాళీగా మిగిలిపోతుంది. 2014 ప్రపంచకప్‌లో జర్మనీ కెప్టెన్ ఫిలిప్ లామ్ గ్రూప్ దశలో మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. అల్జీరియాతో మ్యాచ్‌లో ముస్తఫీ గాయపడ్డాక కుడి అంచు రక్షణ స్థానమైన రైట్‌బ్యాక్‌కు వెళ్లాడు. ఆ రోజు మార్పు గాయం వల్ల వచ్చింది. ఫ్రాన్స్‌తో క్వార్టర్‌ఫైనల్‌కు, ఆపై ఫైనల్ దాకా లామ్‌ను అక్కడే ఉంచడం మాత్రం కోచ్ యోవాకిమ్ లూవ్ నిర్ణయం. రెండూ వేర్వేరు వరుసల్లో రాయాలి.

క్లబ్ నుంచి వచ్చినది ఎంత

జాతీయ కోచ్‌కు ఆటగాళ్లు దొరికేది ఏడాదిలో కొద్ది వారాలే, అందులోనూ మ్యాచ్‌ల మధ్య నాలుగైదు శిక్షణ రోజులకు మించవు. కొత్త ఆట నేర్పడానికి సమయం చాలదు. కాబట్టి మైదానంలో కనిపించే అందమైన కలయికలు చాలావరకు క్లబ్‌లో అలవాటైనవే. 2010 ప్రపంచకప్ ఫైనల్ ఆడిన స్పెయిన్ తుదిజట్టులో పుయోల్, పికే, బుస్కెట్స్, చావీ, ఇనియెస్టా, పెద్రో, ఆరుగురూ బార్సిలోనావాళ్లు. 2014 ఫైనల్ మొదలుపెట్టిన జర్మనీ పదకొండు మందిలో నోయర్, లామ్, బోటెంగ్, ష్వైన్‌స్టైగర్, క్రూస్, ముల్లర్ ఆ సీజన్‌లో బయెర్న్ మ్యూనిక్ క్లబ్‌కు ఆడినవాళ్లే.

దీన్ని తూచడానికి పదిహేను నిమిషాల పాటు బంతిని వదిలేసి ఆకారాన్ని చూడండి. బంతి మనవాళ్ల దగ్గర ఉన్నప్పుడు అంచుల్లోని రక్షకులు, అంటే ఫుల్‌బ్యాక్‌లు, ఎక్కడ నిలబడుతున్నారు? నడిమి రక్షకులైన సెంటర్‌బ్యాక్‌ల మధ్యకు ఎవరు దిగుతున్నారు? బంతి పోగొట్టుకున్న క్షణాన మొదట పరిగెత్తేది ఎవరు? అదే ఆటగాడి క్లబ్ మ్యాచ్ ఒకటి తీసి పోల్చండి. అక్కడా ఇక్కడా ఒకే పని చేస్తుంటే క్రెడిట్‌లో పెద్దభాగం క్లబ్ కోచ్‌దే. తేడా ఉంటే అది జాతీయ కోచ్ ముద్ర. స్పెయిన్‌లో కోచ్ విసెంటె దెల్ బోస్కె ముద్ర ఎక్కడుందంటే, బార్సిలోనా ఆటగాడైన బుస్కెట్స్ పక్కన రియల్ మాడ్రిడ్‌కు ఆడే చాబీ అలొన్సోను పెట్టడంలో. తొలి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చేతిలో 1-0తో ఓడాక విమర్శలు వెల్లువెత్తినా ఆ జంటనే ఫైనల్ వరకూ ఆడించాడు.

సబ్‌స్టిట్యూషన్లు, సెట్‌పీస్‌లు

మార్పు జరిగిన నిమిషం, అప్పటి స్కోరు, అంతకుముందు పది నిమిషాల్లో బంతి మైదానంలో ఏ మూడో వంతులో తిరిగింది, తర్వాత పది నిమిషాల్లో ఎక్కడ తిరిగింది, ఇవి రాసుకోండి. కొత్తగా వచ్చినవాడు గోల్ కొట్టాడా అన్నది చివర్న చూడండి. 2022 ఫైనల్లో 2-0 వెనుకబడ్డ ఫ్రాన్స్ కోచ్ దెషాన్ విరామం దాకా ఆగకుండా 41వ నిమిషంలోనే జిరూ, డెంబెలెలను తీసి తురామ్, కోలో మువానీలను దింపాడు. పెద్దపేర్లను ఫైనల్లో అంత తొందరగా తీయడానికి గుండె కావాలి. తర్వాత పెనాల్టీ తెచ్చింది కోలో మువానీయే. ఫ్రాన్స్ ఓడిపోయింది, అయినా ఆ నిర్ణయానికి పట్టికలో మంచి మార్కే పడాలి.

ప్రతి నిర్ణయానికీ ఖరీదుంటుంది, అదీ రాయండి. 2014లో కోస్టారికాతో క్వార్టర్‌ఫైనల్ షూటౌట్‌కు ముందు నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ గోల్‌కీపర్ సిల్లెసెన్‌ను తీసి టిమ్ క్రూల్‌ను దింపాడు. క్రూల్ ఐదు సార్లూ సరైన వైపే దూకాడు, రెండు ఆపాడు. అప్పట్లో ఉన్నవి మూడే మార్పులు. అందులో ఒకటి 120వ నిమిషం దాకా దాచాడంటే అలసిన ఆటగాడొకరిని మైదానంలోనే భరించాడన్నమాట. సెమీఫైనల్లో మూడూ అయిపోయాయి, షూటౌట్‌కు సిల్లెసెనే మిగిలాడు, అర్జెంటీనా 4-2తో గెలిచింది.

కోచ్ చేతిపని అత్యంత స్పష్టంగా కనిపించేది ఫ్రీకిక్, కార్నర్ లాంటి సెట్‌పీస్‌లలోనే, ఎందుకంటే అవి శిక్షణలో సాధన చేసి తెచ్చుకునేవి. 2022 క్వార్టర్‌ఫైనల్లో అర్జెంటీనా మీద నెదర్లాండ్స్ ఇంజురీ టైమ్ చివర్లో సమం చేసిన ఫ్రీకిక్ మళ్లీ చూడండి. బాక్స్ అంచున అందరూ షాట్ కోసం ఎదురుచూస్తుంటే కూప్‌మైనర్స్ బంతిని నేలమీదుగా గోడ పక్కనుంచి వెగ్‌హోర్స్ట్‌కు అందించాడు. అది అప్పటికప్పుడు తట్టేది కాదు. యూరప్ జట్ల టోర్నీ అయిన 2004 యూరోలో గ్రీస్ నాకౌట్ గెలుపులు మూడూ 1-0, మూడు గోల్స్‌నూ హెడర్లతోనే కొట్టింది. సెమీఫైనల్, ఫైనల్ గోల్స్ కార్నర్ల నుంచి వచ్చాయి. అంతకుముందు పెద్ద టోర్నీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు అది. ఆ జట్టు కోచ్ ఒటో రెహాగెల్‌కు క్రెడిట్ ఇవ్వనివాళ్లు ఆ మూడు హెడర్లకు వేరే వివరణ చూపించాలి.

సమయం, ముందు ఉన్నవాడి వాటా

కోచ్ ఎప్పుడు వచ్చాడో పట్టిక పైన రాయండి. మొరాకోకు వలీద్ రెగ్రాగీ వచ్చింది 2022 ఆగస్టు చివర్లో, ప్రపంచకప్ నవంబరులో. సెమీఫైనల్ చేరేలోపు ఆ జట్టు ఇచ్చింది ఒకే గోల్, అదీ సెల్ఫ్ గోల్. అర్హత సాధించిపెట్టిన పాత కోచ్ వాహిద్ హలీల్‌హోజిచ్‌కూ ఇందులో వాటా ఉంది. అయితే ఆయన హయాంలో జట్టుకు దూరమైన ఆటగాడు జియెచ్‌ను వెనక్కి తెచ్చింది రెగ్రాగీ. అటువైపు ఉదాహరణ కూడా ఉంది: 2018 ప్రపంచకప్ మొదలుకు ముందురోజు కోచ్ లొపెతెగీని స్పెయిన్ తొలగించింది, ఆయన స్థానంలోకి వచ్చిన హియెరో చేతికి అందింది వేరొకరి జట్టు. రష్యాతో వెయ్యికి పైగా పాసులు ఇచ్చి షూటౌట్‌లో ఓడిన పాపం మొత్తం హియెరో మీద వేయడం అన్యాయం.

కొత్త కోచ్ రాగానే జట్టు బాగుపడిందనే వాదన ఎదురైతే ముందు ఒకటి అడగండి: పాతవాడిని ఎప్పుడు తీశారు? వరుస ఓటముల తర్వాతే కదా. ఆ దశలో ఎవరూ ఏమీ చేయకపోయినా ఫలితాలు మామూలు స్థాయికి తిరిగి వస్తాయి. అందుకే తొలి ఐదారు మ్యాచ్‌లను పక్కనపెట్టి ఆ తర్వాతివే లెక్కించండి. "ఒకసారి గెలిపించినవాడు గొప్పవాడే" అనే వాదనకు లూవ్ చాలు: 2014లో కప్పు, 2018లో మెక్సికో, దక్షిణ కొరియాల చేతిలో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికి. రెండు టోర్నీలకూ రెండు వేర్వేరు పట్టికలు రాయండి. వ్యక్తికి ఒకే మార్కు వేయాలని చూస్తే ఒకదాన్ని దాచాల్సి వస్తుంది.

ఎదుటివాళ్లతో వాదించేటప్పుడు మొత్తం కోచ్ గురించి కాకుండా పట్టికలోని ఒక్క వరుస గురించే అడగండి: ఆ స్థానంలో ఎవరిని ఆడించాల్సింది, ఏ నిమిషంలో, ఎవరి బదులు? పేరూ నిమిషమూ చెప్పినవాళ్ల వరుసను మీ పట్టికలో పెన్సిల్‌తో చేర్చుకోండి, తర్వాతి మ్యాచ్‌కు ముందు దాన్ని ఇద్దరూ కలిసి మళ్లీ తెరవవచ్చు.