సొంత చిన్న విమానంలో ఓష్‌కోష్‌కు వెళ్లాలంటే

విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్ పట్టణంలో ఏటా జూలై చివరి భాగంలో, సోమవారం నుంచి ఆదివారం వరకు, ఎయిర్‌వెంచర్ అనే వైమానిక ప్రదర్శన జరుగుతుంది. దాన్ని నిర్వహించే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించారు. మిల్వాకీలో మొదలై, కొంతకాలం ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో సాగిన ఈ కూడిక 1970 నుంచి ఓష్‌కోష్‌లోని విట్‌మన్ విమానాశ్రయంలోనే స్థిరపడింది. ఆ వారం రోజుల్లో ఆరు లక్షలకు పైగా జనం వస్తారు. చుట్టుపక్కల విమానాశ్రయాలన్నీ కలుపుకుంటే దాదాపు పదివేల విమానాలు దిగుతాయి. హైదరాబాద్ బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియాకు మనం విమానాలను చూడటానికి వెళ్తాం. ఇక్కడ మాత్రం వేలాది మంది తమ విమానాన్ని తామే నడుపుకుంటూ వచ్చి, దాని రెక్క పక్కనే డేరా వేసుకుని పడుకుంటారు.

అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సు సంపాదించిన తెలుగు మిత్రులతో మాట్లాడినప్పుడల్లా ఓష్‌కోష్ ప్రస్తావన వస్తుంది, ఆ వెంటనే భయమూ బయటపడుతుంది. గంటకు నూటికి పైగా విమానాలు ఎగిరే, దిగే చోట మనవల్ల అవుతుందా అన్నది వారి సందేహం. నా అనుభవంలో దానికి అసాధారణమైన నైపుణ్యం అక్కర్లేదు. చెప్పిన వేగాన్నీ ఎత్తునూ పది నిమిషాల పాటు తప్పకుండా నిలబెట్టాలి, రేడియోలో మాట్లాడకుండా వినాలి, కుదరనప్పుడు మొహమాటపడకుండా వెనుదిరగాలి. ఇవి అక్కడికి వెళ్లాక నేర్చుకునేవి కావు, ఇంటి దగ్గరే అలవాటు చేసుకుని బయలుదేరాలి.

అన్నింటికన్నా ముందు చదవవలసింది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ ఏటా ఈ ప్రదర్శన కోసమే విడుదల చేసే ప్రత్యేక నోటీసు. పాతకాలపు పైలట్లు దాన్ని ఇప్పటికీ నోటామ్ అనే అంటారు. ఏ దారిన రావాలి, ఏ ఫ్రీక్వెన్సీ వినాలి, ఏ రన్‌వేకు ఎలా మళ్లాలి, తిరుగు ప్రయాణంలో ఎలా బయటపడాలి అన్నదంతా పటాలతో సహా అందులో ఉంటుంది. అది ఏడాదికేడాది మారుతుంది కాబట్టి నిరుటి ప్రతిని నమ్ముకోకూడదు. నేను ఇక్కడ ఇస్తున్న అంకెలను కూడా ఆ ఏటి నోటీసుతో సరిచూసుకున్నాకే వాడాలి. మా ఇంట్లో దాన్ని అచ్చు తీసి, కావలసిన పేజీలను వరుసగా కుట్టి, పక్క సీట్లో కూర్చునే నా భార్యకు ఇస్తాను. ఆమె పైలట్ కాదు. అయినా భోజనాల బల్ల దగ్గర ఆమె పేజీ తిప్పుతూ అడుగుతుంటే నేను చూడకుండా జవాబు చెప్పగలిగిన రోజునే నోటీసు చదవడం పూర్తయినట్టు లెక్క. మొదటిసారి వెళ్లేవారు ఒంటరిగా వెళ్లవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఆ ఆకాశంలో ఇంకో జత కళ్లు ఏ పరికరం కన్నా విలువైనవి.

ఇక సాధన గురించి. రాక మార్గంలో 90 నాట్ల (గంటకు 90 నాటికల్ మైళ్ల) వేగంతో సముద్ర మట్టానికి 1,800 అడుగుల ఎత్తున ఎగరాలి. అంత నెమ్మదిగా ఎగరలేని విమానాలకు 135 నాట్లు, 2,300 అడుగులు నిర్ణయించారు. సెస్నా 172 లాంటి విమానానికి 90 నాట్లు కష్టమేమీ కాదు గాని, దాన్ని అంగుళం అటూ ఇటూ కాకుండా నిలబెడుతూనే కళ్లను పూర్తిగా బయట ఉంచడం కష్టం. కాబట్టి మీ విమానాశ్రయం దగ్గరే ఏదైనా రైలు పట్టాలనో రహదారినో ఎంచుకుని, ఎన్ని ఆర్‌పీఎం పెడితే సమతలంగా 90 నాట్లు వస్తుందో కనిపెట్టి, ఆ అంకెను కాగితం మీద రాసుకుని, చేయి దానంతటదే అక్కడికి వెళ్లేదాకా పదేపదే ఎగరాలి. ప్రయాణ సామానుతో నిండిన విమానం ఖాళీ విమానంలా ఉండదు, అందువల్ల కనీసం ఒక్కసారైనా అదే బరువుతో సాధన చేయాలి.

రన్‌వే మీద అనుకున్న చోటే దిగడం రెండో సాధన. ఓష్‌కోష్‌లో రన్‌వేల మీద పెద్ద పెద్ద రంగు చుక్కలు వేసి ఉంటారు. ఒకే రన్‌వే మీద ఒకరి వెనక ఒకరిని వేర్వేరు చుక్కల దగ్గర దించుతారు కాబట్టి, ఆకుపచ్చ చుక్క మీద దిగమంటే అక్కడే దిగాలి. దూరపు చుక్క ఇచ్చినప్పుడు మొదటి చుక్కను దాటుకుంటూ రన్‌వే పైనే తక్కువ ఎత్తులో ముందుకు సాగాలి; మనకు శిక్షణలో ఎవరూ అలా చేయమని చెప్పి ఉండరు. ఇంటి దగ్గర రన్‌వే సగం దగ్గర ఒక గుర్తు పెట్టుకుని, ముందు సగాన్ని వదిలి దాని మీదే దిగడం అభ్యాసం చేస్తే ఆ వింతదనం పోతుంది. అయితే మిగిలిన పొడవు మీ విమానానికి చాలుతుందో లేదో ముందే లెక్క చూసుకోవాలి.

సామాను సర్దేటప్పుడు తక్కెడ దగ్గర పెట్టుకోండి. సెస్నా 172ఎస్‌లో నిండు ట్యాంకుల ఇంధనం 53 గ్యాలన్లు, అంటే 318 పౌండ్లు. వెనక సామాను అరలో పెట్టదగినది 120 పౌండ్లకు మించకూడదు. డేరా, పరుపులు, మంచినీళ్లు, గొలుసులు, మేకులు అన్నీ కలిస్తే ఆ 120 ఇట్టే నిండుతుంది, మిగిలింది వెనక సీట్లో బిగించి కట్టవలసి వస్తుంది. మేం మొదటి రోజుకు పులిహోర మాత్రం కట్టుకుంటాం, ఎండలో పాడవదు, వండే పనీ ఉండదు. వీటితో పాటు గాలికి ఎగరని దళసరి కాగితం మీద దూరానికి కనిపించేలా పెద్ద అక్షరాలతో రాసిన సూచిక పలక తప్పనిసరి. సాధారణ విమానంతో వచ్చి డేరా వేసుకునేవారు జీఏసీ అనీ, విమానం నిలిపి బసకు వేరే చోటికి వెళ్లేవారు జీఏపీ అనీ, సొంతంగా తయారుచేసుకున్న విమానాలవారు హెచ్‌బీసీ అనీ ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుంటారు. నేల మీద జెండాలు పట్టుకుని దారి చూపే స్వచ్ఛంద సేవకులు ఆ పలకను చూసే మిమ్మల్ని ఏ పచ్చిక మైదానంలోకి పంపాలో నిర్ణయిస్తారు.

తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి దారిలో మిషిగన్ సరస్సు అడ్డు వస్తుంది. ఇంజన్ ఆగిపోతే 172 ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర మైళ్లు మాత్రమే జారగలదు, అంటే 9,000 అడుగుల నుంచి పదమూడు మైళ్ల పైచిలుకు. సరస్సు వెడల్పు అరవై మైళ్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి మధ్యలో చాలాసేపు ఏ ఒడ్డుకూ చేరలేని స్థితిలో ఎగురుతారు. నేను దక్షిణంగా చుట్టి, షికాగో గగనతలం నియమాలు చూసుకుంటూ వెళ్తాను. దానికయ్యే అదనపు సమయాన్ని నేనెన్నడూ నష్టంగా భావించలేదు. ఏ దారిన వచ్చినా ఓష్‌కోష్‌కు వంద మైళ్ల లోపు ఎక్కడో ఒకచోట దిగి, ట్యాంకులు నింపి, ఒళ్లు విరుచుకుని, వాతావరణం చూసుకుని చివరి అంచె మొదలుపెట్టాలి. 2018లో ప్రదర్శనకు ముందు వాతావరణం వల్ల ఆగిపోయినవారంతా ఆదివారం ఒక్కసారిగా వచ్చిపడటంతో ఎందరో పైలట్లు గాలిలోనే గంటల తరబడి చక్కర్లు కొట్టవలసి వచ్చింది. అలాంటి రోజున ఇంధనం ఉన్నవాడే నిదానంగా ఆలోచించగలడు. నా మటుకు నేను చట్టం కోరే నిల్వ కాక ఇంకో గంటన్నరకు సరిపడా ఇంధనం లేకుండా, విమానాల వరుస మొదలయ్యే రిపాన్ ఊరి దరిదాపులకు వెళ్లను. ప్రదర్శనకు ముందరి శని, ఆదివారాలు రద్దీ విపరీతం, పైగా బొనాంజాల వంటి విమానాలు గుంపులు గుంపులుగా కలిసి వచ్చేది కూడా అప్పుడే. గురు, శుక్రవారాల్లోనే చేరుకోవడమో, మంగళవారం ఉదయం రావడమో మేలు. మధ్యాహ్నం విన్యాసాలు సాగినంతసేపు విమానాశ్రయం మూసి ఉంటుంది, రాత్రి కూడా దిగనివ్వరు.

ఇప్పుడు అసలు ఘట్టం. ఓష్‌కోష్‌కు నైరుతి దిక్కున రిపాన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి ఈశాన్యంగా ఫిస్క్ అనే పల్లె దాకా సుమారు పది మైళ్లు రైలు పట్టాల మీదుగా, ఒకరి వెనక ఒకరుగా, అరమైలు ఎడంతో రావాలి. రద్దీ ఎక్కువైతే రిపాన్ కన్నా పడమరన ఉన్న పకవే సరస్సు, గ్రీన్ లేక్ వంటి చోట్ల నుంచే వరుస మొదలవుతుంది. ముందుగా 125.9 మీద రికార్డు చేసిన సమాచారం విని, ఆ తరవాత 120.7 మీద ఫిస్క్ కంట్రోలర్లను వినాలి. దీపాలన్నీ వెలిగించాలి. రిపాన్‌కు చేరకముందే వేగం తగ్గించి, ముందున్న ఒక విమానాన్ని ఎంచుకుని దాని వెనక చేరాలి. అరమైలు అంటే ఎంతో కంటితో అంచనా వేయడం కష్టం గనక నేనొక లెక్క వాడతాను: 90 నాట్ల వేగంతో అరమైలు దాటడానికి దాదాపు ఇరవై సెకన్లు పడుతుంది. ముందున్న విమానం ఒక రోడ్డు దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, మీరు అదే రోడ్డు దాటేసరికి ఇరవై వచ్చిందా చూడండి. పదిహేను వస్తే దగ్గరైపోతున్నారు. దగ్గరైనంత మాత్రాన పాములా వంకర్లు తిరిగి దూరం పెంచుకోకూడదు, ఎందుకంటే మీ వెనకవాడు మిమ్మల్ని నమ్ముకుని వస్తున్నాడు. కొద్దిగా థ్రాటిల్ (ఇంజన్ శక్తిని అదుపు చేసే పిడి) తగ్గించినా సర్దుకోకపోతే వరుస నుంచి బయటికి మళ్లి, నోటీసులో చెప్పినట్టు వెనక్కి వెళ్లి మళ్లీ చివర చేరాలి.

దారిలో పికెట్ అనే ఊరి దగ్గర ఎత్తైన ధాన్యపు గాదెలు కనిపిస్తాయి. సికింద్రాబాద్‌లో పెరిగినవారికి ఆ పేరు మరచిపోవడం సాధ్యం కాదు. అవి దాటాక ఫిస్క్ దగ్గర కంట్రోలర్లు బైనాక్యులర్లతో నేల మీద నిలబడి ఆకాశాన్ని చూస్తుంటారు. వారు మీ నంబరుతో పిలవరు, మీరు కూడా బదులు చెప్పకూడదు. "ఎర్రచారల హైవింగ్ (రెక్కలు పైభాగాన ఉన్న విమానం), రెక్కలు ఊపండి" అన్న తీరులో పిలుపు వస్తుంది. అది మీరేనని తెలియగానే రెక్కలను అటూ ఇటూ స్పష్టంగా, నేల మీదివారికి కనపడేంత బలంగా ఊపాలి. ఊపుతూ ఎత్తు కోల్పోకూడదు. మొదటి ఏడు నేను భయంభయంగా ఊపితే ఇంకా గట్టిగా ఊపమని రెండోసారి అడిగారు. ఆ వెంటనే ఏ రన్‌వే, ఏ టవర్ ఫ్రీక్వెన్సీ అన్నది చెప్పేస్తారు, దాన్నిబట్టి పట్టాల వెంటే సాగడమో, ఫిస్క్ అవెన్యూ మీదుగా మళ్లడమో జరుగుతుంది. ఈ రెండు దారుల పటాలూ అప్పటికే మనసులో ఉండాలి, అక్కడ కాగితం వెతుక్కునే తీరిక దొరకదు.

నేను ఎక్కువగా హెచ్చరించేది చివరి మలుపు గురించి. "ఇప్పుడే తిరగండి, దగ్గరగా తిరగండి" అని టవర్ తొందరపెట్టినట్టు వినిపిస్తుంది. చుక్క దగ్గరికి వచ్చేస్తుంటుంది. ముందొక విమానం, వెనకొక విమానం. అలాంటప్పుడే చేయి ముక్కును పైకి లాగుతుంది, కాలు రడ్డర్‌ను (తోక చుక్కానిని) అతిగా తొక్కుతుంది. తక్కువ ఎత్తులో నెమ్మదిగా, బాగా పక్కకు వంగి తిరిగిన విమానం స్టాల్ అయితే, అంటే రెక్కలు మోసే బలం కోల్పోతే, తేరుకోవడానికి చోటు మిగలదు. ఎవరేం చెప్పినా విమానం మీ చేతిలో ఉంది. వంపు ఇంతకు మించి వెళ్లనని, వేగం ఇంతకు తగ్గనివ్వనని ఇంటి దగ్గరే రెండు అంకెలు తీర్మానించుకుని, వాటిలో ఏది దాటవలసి వచ్చినా థ్రాటిల్ పూర్తిగా తెరిచి మళ్లీ పైకి వెళ్లండి. కుదరదని చెప్పడానికి రేడియోలో ఒక్క మాట చాలు, అక్కడి కంట్రోలర్లకు అది రోజూ వినే మాటే. అదీ కుదరనప్పుడు ఫాండ్ డు లాక్, యాపిల్టన్ విమానాశ్రయాలు పక్కనే ఉన్నాయి, వాటి పటాలు కూడా అందుబాటులో ఉంచుకోవాలి.

చక్రాలు నేలను తాకాక రన్‌వే మీద ఆగకూడదు. చెప్పిన వైపు పచ్చికలోకి మళ్లి, పలకను అద్దంలో నిలబెట్టి, జెండాలవారి వెంట నెమ్మదిగా వెళ్లాలి. గడ్డిలో గుంతలు ఉంటాయి గనక ముందు చక్రం మీద బరువు పడకుండా యోక్‌ను (విమానం నడిపే చేతి చక్రాన్ని) వెనక్కి పట్టుకోండి. ఆ తొలి ఏడు "ఓష్‌కోష్‌కు స్వాగతం" అన్న మాట టవర్ నుంచి వినపడినప్పుడు నా భార్య కళ్లు చెమర్చాయి, నాకైతే జవాబివ్వకూడదన్న నియమమే మేలైంది, గొంతు పెగిలే స్థితి కాదు.

ఇంజన్ ఆపగానే డేరా సంగతి పక్కనపెట్టి ముందు విమానాన్ని కట్టండి. ఆ ప్రాంతంలో వేసవి ఉరుములవానలు చెప్పకుండా వచ్చిపడతాయి. 2010లో వాన ఎంతగా కురిసిందంటే పచ్చిక మైదానాలు బురదమయమై, వస్తున్న విమానాలను ఇతర విమానాశ్రయాలకు పంపవలసి వచ్చింది. నేను మొదటిసారి కుక్కలను కట్టడానికి వాడే మరమేకులు తీసుకెళ్లాను. అర్ధరాత్రి గాలివానకు నేల మెత్తబడి ఎడమ రెక్క కింది మేకు సగం పైకి లేచింది, నేనూ పక్క విమానం పెద్దాయనా తెల్లవారేదాకా వంతులవారీగా రెక్క పట్టుకుని వానలో నిలబడ్డాం. అప్పటి నుంచి ఒక్కో చోట మూడేసి పొడవైన ఉక్కు మేకులను వేర్వేరు వాలుల్లో సుత్తితో దిగగొట్టే రకాన్నే వాడుతున్నాను. తాళ్లను రెక్కల కింద, తోక దగ్గర బిగించి, కంట్రోళ్లకు తాళం వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాకే డేరా మూట విప్పాలి.

తిరుగు ప్రయాణానికి కూడా నోటీసులో ప్రత్యేక పేజీలు ఉన్నాయి. వెళ్లేముందు రాత్రే వాటిని చదివి, విన్యాసాల వేళలకు చాలా ముందుగా, ఉదయాన్నే బయలుదేరడం మంచిది. వీఎఫ్ఆర్ (కంటితో చూసుకుంటూ ఎగిరే పద్ధతి) అని రాసిన పలకను అద్దంలో పెట్టి, జెండాలవారు వచ్చి రెక్క పక్కన నిలబడ్డాకే ఇంజన్ మొదలుపెట్టాలి. మేకులు పీకిన గుంతలను మాత్రం కాలితో మట్టి తోసి పూడ్చి వెళ్లండి, మరో గంటలో ఇంకొకరి ముందు చక్రం అక్కడి మీదుగానే వస్తుంది.