గాలి అందని ఈస్ట్ శక్తిని ఎలా సంపాదిస్తుంది? ఇంట్లోనే పరీక్షించడం ఎలా?

మన కణమైనా, ఈస్ట్ కణమైనా గ్లూకోజ్‌ను విడగొట్టే తొలి దశలో ఆక్సిజన్‌ను వాడుకోదు. కణద్రవ్యంలో జరిగే ఈ గ్లైకాలసిస్‌లో ఆరు కార్బన్ల గ్లూకోజ్ అణువు మూడేసి కార్బన్లున్న రెండు పైరువిక్ ఆమ్ల అణువులుగా మారుతుంది. నికరంగా 2 ఏటీపీలు (కణం తన పనులకు వాడుకునే శక్తిని మోసే అణువులు) మిగులుతాయి. దారి చీలేది ఆ తర్వాతే.

ఈస్ట్ పట్టే దారిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది; దాన్ని ఇంట్లోనే సున్నపు తేటతో పట్టుకోవచ్చు. అందుకు ముందురోజు రాత్రే, తాంబూలంలో వాడే తాజా సున్నాన్ని అరచెంచా తీసుకుని, గ్లాసుడు నీళ్లలో కలిపి మూతపెట్టండి. తెల్లవారేసరికి పైన నిలిచే తేటను కదపకుండా వేరే గ్లాసులోకి వంచుకోవాలి. అది కళ్లలో పడకుండా జాగ్రత్త వహించండి.

తర్వాత పావులీటరు నీటిని, కరిగి ఉన్న గాలి పోయేలా ఐదు నిమిషాలు మరిగించి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చండి. రెండు చెంచాల పంచదార, ఒక చెంచా ఎండు ఈస్ట్ నెమ్మదిగా కలపండి. ఈ ప్రయోగం చెడేది ఎక్కువగా ఇక్కడే: నీళ్లు చల్లారకముందే వేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది.

మిశ్రమాన్ని ప్లాస్టిక్ సీసాలో పోసి, గాలి తగలకుండా పైన వంటనూనె పొరగా పోయండి. మూతకు రంధ్రం చేసి సన్నని గొట్టం దూర్చి, సందులను మైనంతో మూసేయండి. గొట్టం ఒక కొన నూనెకు పైన, రెండోది సున్నపు తేటలో మునిగి ఉండాలి. గొట్టం లేకుండా సీసాను బిగిస్తే పగిలిపోవచ్చు. ఈస్ట్ వేయని సీసాను కూడా ఇలాగే అమర్చితే పోల్చి చూడవచ్చు.

కాసేపటికి నూనె కింద నురగ లేచి, గొట్టం కొన నుంచి బుడగలు ఒక్కొక్కటిగా వస్తాయి. తేట క్రమంగా పాలలా తెల్లబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ కావడమే దీనికి కారణం.

గ్లూకోజ్ నుంచి వచ్చిన హైడ్రోజన్‌ను గ్లైకాలసిస్‌లో ఎన్‌ఏడీ అనే అణువు మోస్తుంది. ఆ బరువు దించుకోనిదే అది మళ్లీ పనికిరాదు. ఆక్సిజన్ ఉంటే, కణంలో శక్తిని తయారుచేసే భాగమైన మైటోకాండ్రియాలో ఆ హైడ్రోజన్ చివరికి దానితో కలిసి నీరవుతుంది; ఒక గ్లూకోజ్‌కు సుమారు 30 ఏటీపీలు దక్కుతాయి (పాత పాఠ్యపుస్తకాల్లో 36 లేదా 38 అని ఉంటుంది). ఆక్సిజన్ లేనప్పుడు ఈస్ట్‌లో పైరువిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోగా మిగిలిన అణువే ఆ హైడ్రోజన్‌ను అందుకుని ఆల్కహాల్ అవుతుంది. లాభం ఆ 2 ఏటీపీలే. తక్కిన శక్తిలో అధికభాగం ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది. స్పిరిట్ దీపం మండేది ఆ శక్తితోనే.

వేగంగా పరుగెత్తేటప్పుడు మన కండరంలో పైరువిక్ ఆమ్లమే నేరుగా హైడ్రోజన్‌ను తీసుకుని లాక్టిక్ ఆమ్లమవుతుంది. అందులో వాయువు వెలువడదు. తోడుపెట్టిన పాలు నురగలెత్తకుండా తోడుకోవడానికీ కారణం ఇదే. ఈ లెక్కలన్నింటికీ ఆధారమైన ఏటీపీని 1929లో కండరంలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

నూనె లేని సీసాలో ఆల్కహాల్ వాసన రాదని మాత్రం పిల్లలకు చెప్పకండి. చక్కెర పుష్కలంగా ఉంటే, గాలి ఉన్నా ఈస్ట్ కొంత ఆల్కహాల్ తయారుచేస్తుంది. పరీక్ష అయ్యాక మిశ్రమాన్ని రుచి చూడకుండా పారబోయండి.