ఎండకాలంలో మెడ ఆపరేషన్: కుట్లా, పిన్నులా, గమ్మా?

థైరాయిడ్ ఆపరేషన్ తేదీ మార్చి నుంచి జూన్ మొదటి వారం లోపు పడితే డాక్టర్‌ను ముందే అడగాల్సిన మాట ఒకటుంది: పైచర్మాన్ని దేంతో మూస్తారు? నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎండ 44 డిగ్రీలకు చేరే రోజుల్లో మెడ మడతలో చెమట ఆరదు. అందుకే గాయాన్ని మూసే పద్ధతిని బట్టి ఇంట్లో జాగ్రత్తలూ మారతాయి.

పైకి ఒక్క గీతే కనిపించినా గాయానికి అసలు పట్టు లోపలి పొరలోనే ఉంటుంది. చర్మం కింది పలుచటి కండరాన్ని, అంటే ప్లాటిస్మాను, కరిగే దారంతో ముందు దగ్గరకు తెస్తారు. అది సరిగ్గా కలవకుంటే పైన ఏం వాడినా మచ్చ వెడల్పవుతుంది.

పిన్నులు, అంటే చర్మాన్ని పట్టి ఉంచే స్టేపుల్స్, వేయడం చాలా తొందరగా అయిపోతుంది. మెడ మీద 3 నుంచి 5 రోజుల్లో తీసేయాలి, వారం దాటితే గీతకు అటూ ఇటూ చుక్కల మచ్చలు మిగులుతాయి. తీయడానికి వేరే పరికరం ఉంటుంది. దాని ముక్కు పిన్ను నడుమ భాగాన్ని నొక్కితే రెండు కొసలూ చర్మంలోంచి వాటంతటవే పైకి లేస్తాయి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర అది లేకుంటే మామూలు పట్టకారుతో లాగనివ్వొద్దు, చర్మం చీరుతుంది. పైకి వేసిన నైలాన్ కుట్లయితే సాధారణంగా 5వ రోజుకు తీస్తారు.

లోకుట్టు వేరు. 4-0 సైజు మోనోక్రిల్ లాంటి కరిగే సన్నదారం చర్మం లోపలే నడుస్తుంది. రెండు మూడు వారాలు పట్టు ఇచ్చి, మూడు నాలుగు నెలల్లో పూర్తిగా కరిగిపోతుంది. తీయించుకునే పని లేదు. దేవరకొండ తండాల నుంచో అమ్రాబాద్ పక్క నుంచో హైదరాబాద్ దాకా పోయి ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు, అందులోనూ ఎండకాలంలో, మా ఓటు దీనికే. ఒక్కోసారి మూలన దారం కొస బయటికి పొడుచుకొస్తుంది. లాగొద్దు, డాక్టర్ దగ్గర కత్తిరించుకోవాలి.

చర్మపు గమ్ము పలుచటి పొరలా ఆరి, 5 నుంచి 10 రోజుల్లో తనంతట తానే ఊడుతుంది. దాని మీద వ్యాజిలిన్, ఆయింట్‌మెంట్, కొబ్బరినూనె ఏవీ రాయొద్దు, గమ్ము మెత్తబడి విడిపోతుంది. టేపు అంటిస్తే తీసేటప్పుడు గమ్మూ లేచివస్తుంది. ఎప్పుడూ చెమట తడి ఉంటే ముందే ఊడొచ్చు కనుక ఎండలో పని తప్పనివాళ్లకు ఇది అంత నమ్మకమైంది కాదు. చుట్టూ ఎర్రబడి విపరీతంగా దురద పుడితే గమ్ము పడలేదేమోనని వెంటనే చూపించాలి.

మచ్చ అందం విషయానికొస్తే, కొన్ని నెలలు పోయాక ఈ పద్ధతుల మధ్య తేడా పెద్దగా ఉండదు. అంతకంటే ముఖ్యమైంది మొదటి 24 గంటలు. లోపల రక్తం గూడుకట్టి గొంతును నొక్కే ప్రమాదం ఎక్కువగా అప్పుడే. మెడ ఉబ్బి బిగుసుకున్నట్టున్నా, గొంతు మారినా, మింగలేకున్నా, ఊపిరి ఆడకున్నా నర్సును కేకేయండి, ఇంట్లో ఉంటే ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు గాయాన్ని వెంటనే తెరవాలి కనుక పిన్నులైతే చప్పున తీయొచ్చనే వాదన పాతదే. కానీ పిన్నులు తీసినంత మాత్రాన లోపలి పొర తెరుచుకోదు. ఏ పద్ధతైనా ఆస్పత్రిలో మంచం పక్కన లోపలి కుట్లు కత్తిరించే కత్తెర ఉండాల్సిందే. దూరం ఊరివాళ్లు అదే రోజు డిశ్చార్జి కోసం పట్టుబట్టొద్దు. థైరాయిడ్ మొత్తం తీసినవాళ్లకు పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కితే కాల్షియం తగ్గిందేమో చూపించుకోవాలి.

ఇంటికి వచ్చాక డాక్టర్ సరే అన్నప్పటి నుంచి, మామూలుగా రెండో రోజు తర్వాత, మగ్గుతో నీళ్లు జారనిచ్చి మెత్తని నూలుగుడ్డతో అద్దాలి, రుద్దొద్దు. బావిలో, చెరువులో ఈత అసలొద్దు. పసుపు, చెమటకాయల పౌడర్ గాయం మీద పడనివ్వొద్దు. పొడి గీతలో చేరి చెమటతో ముద్దకట్టి మురికి పట్టిస్తుంది. పుస్తెలతాడు, నల్లపూసలు గీతకు ఒరుసుకుంటాయి, మానేదాకా చేతికి చుట్టుకోవచ్చు. మగవాళ్లు గట్టి కాలర్ చొక్కా, గీత దగ్గర గడ్డం గీయడం ఆపాలి. తట్ట ఎత్తడం, నీళ్ల బిందె మోయడం, పురుగుమందు కొట్టే డబ్బా వీపున వేసుకోవడం రెండు వారాలైనా వద్దు. భయంతో మెడ కదపకుండా బిగబట్టేవాళ్లే ఎక్కువ, దాంతో భుజాలు పట్టేస్తాయి. డాక్టర్ చెప్పినప్పటి నుంచి మెల్లగా అటూ ఇటూ తిప్పాలి.

గీత పూర్తిగా మానాక ఎండ తగిలితే నల్లబడుతుంది. ఏడాది దాకా కొంగో రుమాలో కప్పుకోండి, ఎండను అడ్డుకునే ఎస్‌పీఎఫ్ 30 క్రీమ్ రాయండి. చెవి కుట్టినచోట ఎప్పుడైనా కండ పెరిగి ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. అలాంటివాళ్లకు మానాక సిలికాన్ జెల్ కొన్ని నెలలు వాడమంటారు.

ఎరుపు పాకినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి. డిశ్చార్జి కాగితంలో చర్మం దేంతో మూశారో, పిన్నులైతే ఎన్నో, ఏ తేదీన తీయాలో రాయించుకోండి. తీసే రోజు అక్కడే లెక్క సరిచూసుకోవచ్చు.