జట్లవారీగా ఎంవీపీల లెక్క: మొత్తం 191 రావాలి
మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఏ జట్టుకి ఎన్ని ఎంవీపీలు (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే అవార్డులు) వచ్చాయో తేల్చాలంటే, లెక్క ఏ ఏడాది నుంచో ముందే అనుకోవాలి. బేస్‌బాల్ రైటర్ల సంఘం ఓటేసి ఇచ్చే ఇప్పటి అవార్డు 1931లో మొదలైంది. అంతకుముందు 1911–14లో చాల్మర్స్ అవార్డు, 1922–29లో లీగ్ అవార్డులు ఉండేవి. అవి కలిపితే 2025 సీజన్ నాటికి యాంకీస్‌కి 25, కార్డినల్స్‌కి 21. కలపకపోతే 23, 18. కలపకపోవడమే మేలు, ఎందుకంటే అప్పటి నియమాలే వేరు. అమెరికన్ లీగ్‌లో ఒకసారి గెలిచినవాడికి మళ్లీ ఇచ్చేవారు కాదు. 1923లో గెలిచిన బేబ్ రూత్ 1927లో 60 హోమ్ రన్లు కొట్టినా పోటీలోనే లేడు, అవార్డు లూ గెరిగ్‌కి వెళ్లింది.

స్ప్రెడ్‌షీట్‌లో అవార్డుకో వరుస పెట్టండి. కాలమ్‌లు ఐదు: ఏడాది, లీగ్, ఆటగాడు, అప్పటి జట్టు పేరు, ఇప్పటి ఫ్రాంచైజీ. చివరి రెండూ విడిగా ఉండి తీరాలి. విల్లీ మేస్ 1954లో న్యూయార్క్ జెయింట్స్, 1965లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్. ఫ్రాంచైజీ మాత్రం ఒకటే.

అందరూ తడబడేది వాషింగ్టన్ దగ్గర. పాత సెనేటర్స్ 1961లో మిన్నెసోటాకి వెళ్లి ట్విన్స్ అయ్యారు. అదే ఏడాది పుట్టిన కొత్త సెనేటర్స్ 1972లో టెక్సస్ రేంజర్స్ అయ్యారు. ఇప్పటి నేషనల్స్ మాంట్రియల్ నుంచి 2005లో వచ్చిన ఎక్స్‌పోస్. ఊరి పేరు చూసి ఈ మూడింటినీ కలిపేయకండి.

లీగ్‌ని కూడా జట్టు పేరుబట్టి నింపకండి, ఏడాదిని చూసి నింపండి. బ్రూవర్స్ 1998లో నేషనల్ లీగ్‌కి మారారు, ఆస్ట్రోస్ 2013లో అమెరికన్ లీగ్‌కి. ఆటగాడి అవార్డులన్నీ ఒకే జట్టుకి రాయకూడదు: ఒటాని 2021, 2023 ఏంజెల్స్‌వి, 2024, 2025 డాడ్జర్స్‌వి.

ఇప్పుడు సరిచూసుకోండి. 1931 నుంచి 2025 దాకా 95 ఏళ్లు, లీగ్‌కి ఒకటి చొప్పున ఏడాదికి రెండు, అంటే 190. దానికి ఒకటి కలపాలి: 1979 నేషనల్ లీగ్‌లో కీత్ హెర్నాండెజ్, విల్లీ స్టార్జెల్ చెరి 216 పాయింట్లతో సమంగా నిలిచి ఇద్దరూ గెలిచారు. మొత్తం 190 వస్తే ముందు ఆ ఏడాదే చూడండి.

ఫ్రాంచైజీ కాలమ్ మీద పివట్ (పేరువారీగా లెక్కేసే పట్టిక) వేస్తే 27 పేర్లే వస్తాయి. కంగారు పడొద్దు, మెట్స్, రేస్, డైమండ్‌బ్యాక్స్‌కి ఇంతవరకు ఒక్కటీ రాలేదు. ఆ మూడింటికీ సున్నా చేత్తో రాయాల్సిందే. 28 వస్తే, ఏదో జట్టు పేరు చివర ఖాళీ స్పేస్ పడి రెండుగా చీలిందేమో వెతకండి. మెట్స్‌కి 1969, 1986 కనిపిస్తే మాత్రం వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) ఎంవీపీల జాబితా కలిసిపోయినట్టే. అది వేరే అవార్డు. ఈ ఎంవీపీకి ఓటింగ్ ప్లేఆఫ్స్ మొదలవకముందే అయిపోతుంది.