టీనేజీలో దూర పరుగు: టైమింగ్ ఎందుకు ఆగిపోతుంది, మళ్లీ ఎలా కదులుతుంది

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వయసు పిల్లలు 800 మీటర్ల నుంచి 5000 మీటర్ల దాకా ఉండే పరుగుల్లో కొంతకాలం వేగంగా మెరుగుపడి, ఆ తరువాత నెలల తరబడి అదే టైమింగ్ దగ్గర నిలిచిపోవడం చాలా మామూలుగా జరిగేదే. అటువంటప్పుడు ఇంట్లోవాళ్లు "వీడి శక్తి ఇంతే" అని తేల్చేస్తారు; పరుగెత్తే పిల్లవాడేమో పట్టుదలకు పోయి ఇంకో నాలుగు రౌండ్లు కలుపుతాడు. రెండూ కారణం తెలుసుకోకుండా తీసుకున్న నిర్ణయాలే. ఈ వయసులో పరుగు ఆగిపోయిందంటే చాలాసార్లు దాని వెనుక వెతికితే దొరికే కారణం ఉంటుంది. అది శిక్షణలో ఉండవచ్చు, రక్తంలో ఉండవచ్చు, ఎదుగుదలలో ఉండవచ్చు, నిద్రలోనూ ఉండవచ్చు. అది దొరికే దాకా దూరం పెంచకూడదు.

సమస్య: స్కూలు గ్రౌండులో వచ్చే టైమింగ్ మీట్‌లో రావడం లేదు

దీన్ని ముందుగా చూడాలి, ఎందుకంటే ఇందులో పిల్లవాడి లోపం ఏమీ ఉండకపోవచ్చు. మన స్కూలు గ్రౌండ్లలో సున్నంతో గీసిన ట్రాక్ చాలాచోట్ల 400 మీటర్లు ఉండదు; అంచనా మీద గీసిన 200 మీటర్ల రౌండులో పది మీటర్లు తక్కువైనా, 1600 మీటర్ల పరుగుకు వచ్చేసరికి 80 మీటర్ల తేడా వస్తుంది. లోపలి గీతకు 20 సెంటీమీటర్లు ఎడంగా టేపు పట్టి ఒకసారి కొలిపించండి. అలాగే టైమింగ్‌ను పోల్చేటప్పుడు అదే గ్రౌండు, అదే వేళ, దాదాపు అదే వాతావరణం ఉండాలి. జనవరి ఉదయం తీసిన టైమింగ్‌ను ఏప్రిల్ సాయంత్రం టైమింగ్‌తో పోల్చి దిగులుపడడంలో అర్థం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు ఒకే పరిస్థితుల్లో మార్పు కనిపించకపోతేనే దాన్ని సమస్యగా భావించాలి.

సమస్య: మొదటి రౌండులో అందరికన్నా ముందు, మూడో రౌండులో కాళ్లు లేవవు

కారణం వేగాన్ని పంచుకోవడం తెలియకపోవడమే. 1600 మీటర్లను ఆరు నిమిషాల్లో ముగించిన ఒక అబ్బాయి 400 మీటర్ల రౌండ్లు ఇలా ఉంటాయనుకుందాం: 76, 90, 100, 94 సెకన్లు. మొదటి రౌండులో తన సత్తాకు మించి పరుగెత్తినందువల్ల రక్తంలో లాక్టేట్ పెరిగి, దానితోపాటు కండరాల్లో ఆమ్లత పేరుకుని, మూడో రౌండులో అతడు ఏకంగా 24 సెకన్లు కోల్పోయాడు. ఇదే అబ్బాయి మొదటి రౌండును 88 సెకన్ల దగ్గర పట్టి ఉంచితే, తక్కిన మూడింటిని 89, 90, 88గా ముగించి 5 నిమిషాల 55 సెకన్లకు చేరగలడు; అందుకు అదనంగా ఒక్క కిలోమీటరు సాధన కూడా అవసరం లేదు.

దీన్ని సరిచేయడానికి 400 మీటర్లను లక్ష్యవేగంతో నాలుగైదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు నడుస్తూ పరుగెత్తించాలి. ప్రతి 200 మీటర్ల దగ్గర టైమింగ్ గట్టిగా చదివి వినిపించాలి. కొన్ని వారాల తరువాత గడియారం చూడకుండానే 88 సెకన్ల వేగం ఎలా ఉంటుందో కాళ్లకు తెలిసిపోతుంది.

సమస్య: రోజూ సాధన చేస్తున్నా టైమింగ్ కదలడం లేదు

పోలీసు కానిస్టేబుల్, అగ్నివీర్ ఎంపికల్లో 1600 మీటర్ల పరుగు ఉండడం వల్ల మన రెండు రాష్ట్రాల్లో ఎందరో యువకులు ప్రతి ఉదయం స్టాప్‌వాచ్ పెట్టుకుని అదే 1600 మీటర్లను శక్తికొద్దీ పరుగెత్తుతారు. మొదటి నెలలో ఫలితం కనిపిస్తుంది, తరువాత ఆగిపోతుంది. ఎందుకంటే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలగడం, కండరాల్లో సన్నని రక్తనాళాలూ, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడం వంటి లోతైన మార్పులు ప్రధానంగా నెలల తరబడి సాగే తేలికపాటి పరుగు వల్ల వస్తాయి. రోజూ పరీక్ష పెట్టుకునేవారికి ఆ తేలికపాటి పరుగు చేసేందుకు కాళ్లలో సత్తువ మిగలదు.

పరిష్కారం వినడానికి సులభం, పాటించడానికి కష్టం: వారంలో ఎక్కువ భాగం నెమ్మదిగా పరుగెత్తాలి. ఎంత నెమ్మదిగా అంటే, పక్కన పరుగెత్తేవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టే. రెండు మూడు నెలలుగా పరుగుకు అలవాటుపడిన పదిహేనేళ్ల పిల్లలకు నా సలహా ఇది: వారంలో మూడు రోజులు 30 నుంచి 40 నిమిషాల తేలికైన పరుగు, వాటిలో రెండు రోజులు చివర వంద మీటర్ల చురుకైన పరుగులు ఐదారు, ఒక రోజు 400 మీటర్ల రిపిటీషన్లు, ఒక రోజు 50 నిమిషాల పొడవైన పరుగు, మిగిలిన రెండు రోజులు పూర్తి విశ్రాంతి. పూర్తి 1600 మీటర్లకు టైమింగ్ తీయడం మూడు నాలుగు వారాలకు ఒకసారి సరిపోతుంది. ఉదయం నిద్ర లేవగానే మంచం మీదే నాడి చూసి రాసుకునే అలవాటు చేస్తే, ఎప్పటికన్నా నిమిషానికి ఏడెనిమిది ఎక్కువగా ఉన్న రోజున గట్టి సాధన మానుకోవచ్చు.

సమస్య: ఇదివరకు తేలికగా వచ్చిన వేగానికే ఇప్పుడు ఆయాసం, కాళ్లలో బరువు, ముఖం పాలిపోవడం

ఇక్కడ శిక్షణను పక్కన పెట్టి ముందు రక్తపరీక్ష చేయించాలి. ఆక్సిజన్‌ను కండరాలకు మోసేది హిమోగ్లోబిన్. అది తగ్గితే ఏ కోచ్ చేయగలిగిందీ పెద్దగా ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి, అబ్బాయిల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే పరుగులో వెనకబడిన అమ్మాయిని "బద్ధకం" అని నిందించే ముందు రక్తహీనత ఉందేమోనని అనుమానించడమే న్యాయం.

డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ అమ్మాయిలకు 12, పదిహేనేళ్లు దాటిన అబ్బాయిలకు 13 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తారు. అయితే హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉండి, శరీరంలోని ఇనుము నిల్వలు మాత్రం అడుగంటిన పిల్లలు కూడా ఉంటారు కాబట్టి ఆ నిల్వలను చూపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి. నిల్వలు ముందు తరుగుతాయి, హిమోగ్లోబిన్ ఆ తరువాత పడిపోతుంది.

ఆహారంలో మేక కార్జం, మాంసం, తోటకూర, శనగలు, పెసలు, పల్లీలు ఉండాలి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టాలంటే అదే పూటలో నిమ్మరసమో, ఉసిరికాయో, జామకాయో తినాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటు ఉంటే దాన్ని గంటన్నర తరువాతకు జరపాలి. రాగిజావ ఎముకలకు ఎంతో మేలు చేస్తుంది, వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. కానీ ఇనుము కోసం దాని మీదే ఆధారపడడం పొరపాటు. ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి ఒకటి ఇచ్చే నీలంరంగు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రను, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్రను చాలామంది పిల్లలు జేబులో వేసుకుని పారేస్తారు. పరుగెత్తే పిల్లలు వాటిని తప్పక మింగాలి. వారానికి ఒకటి కాక రోజువారీ మోతాదు కావాలా అన్నది మాత్రం డాక్టరే నిర్ణయించాలి.

సమస్య: పన్నెండేళ్లప్పుడు గెలిచిన అమ్మాయి పదిహేనేళ్లకు వెనకబడింది

ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది అమ్మాయిలు పరుగు మానేస్తున్నారు, అందుకే ఇది నన్ను ఎక్కువగా బాధించే విషయం. రజస్వల అయిన తరువాత శరీరంలో కొవ్వు శాతం, తుంటి వెడల్పు, బరువు పెరుగుతాయి. గుండె, కండరాలు ఆ కొత్త శరీరానికి తగినట్టు బలపడడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. ఆ కాలంలో టైమింగ్ నిలిచిపోవడం, కొద్దిగా వెనక్కి పోవడం కూడా సహజమే. పరిష్కారం ఓపిక పట్టడం, వారానికి రెండుసార్లు గుంజీళ్లు, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచే లంజెస్, మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలిపే ప్లాంక్ వంటి బలం పెంచే వ్యాయామాలు చేయించడం, మంచి స్పోర్ట్స్ బ్రా కొనివ్వడం.

చేయకూడనిది తిండి తగ్గించడం. "బరువు తగ్గితే వేగం పెరుగుతుంది" అని ఎవరైనా ఎదిగే పిల్లకు చెబితే ఆ మాటను అక్కడికక్కడే ఖండించాలి. ఖర్చు చేసే శక్తికి తగిన ఆహారం అందకపోతే శరీరం ముందుగా నెలసరిని ఆపేస్తుంది, ఆ వెంట ఎముకలు పలచబడతాయి. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలుకాకపోయినా గైనకాలజిస్టుకు చూపించాలి. నెలసరి రాకపోవడాన్ని "బాగా సాధన చేస్తున్నట్టు గుర్తు" అని సంతోషించే కోచ్ దగ్గర అమ్మాయిని ఉంచకూడదు.

సమస్య: నొప్పులు

మోకాలి చిప్ప కింద ఉబ్బి నొప్పిగా ఉంటే, లేదా మడమ వెనుక నొప్పి ఉంటే అది చాలావరకు ఎదుగుదలకు సంబంధించినది. ఎముకలు పొడవు పెరిగినంత త్వరగా కండరాలు సాగకపోవడంతో, స్నాయువు అతుక్కునేచోట లేత ఎముకను లాగుతూ ఉంటుంది. నెలకోసారి గోడ మీద ఎత్తు గుర్తుపెట్టండి. ఎత్తు గబగబా పెరుగుతున్న నెలల్లో గుట్టలెక్కే పరుగులు, గెంతులు తగ్గిస్తే సరిపోతుంది.

మోకాలి కింద ముందు ఎముక నొప్పి వేరు. లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ కిందికి రండి. జానెడు పొడవునా అక్కడక్కడా నొప్పి ఉంటే సాధన ఒక్కసారిగా పెంచినందువల్ల వచ్చిన షిన్ స్ప్లింట్స్ అయి ఉండవచ్చు. రెండు వారాలు దూరం సగానికి తగ్గించి, అరిగిన బూట్లు మార్చి, తారురోడ్డు వదిలి మట్టి మీద పరుగెత్తించాలి. రూపాయి బిళ్లంత ఒకేచోట ప్రాణం పోయేంత నొప్పి ఉండి, ఆ కాలి మీద గెంతలేకపోతే ఎముకలో పగులు వచ్చిందని అనుమానించి ఆ రోజే పరుగు ఆపించాలి. తొలి వారాల్లో ఎక్స్‌రేలో ఆ పగులు కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందని మళ్లీ గ్రౌండుకు పంపవద్దు.

సమస్య: ఇంటర్‌లో చేరాక అన్నీ తగ్గిపోయాయి

నిద్ర. ఈ వయసువారికి రాత్రికి 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, ఉదయం ఐదింటికి గ్రౌండు అనే పద్ధతిలో ఏ శిక్షణా ఒంటబట్టదు. నిద్ర పెంచడానికి వీల్లేకపోతే సాధన రోజులను మూడుకు తగ్గించి, వాటిని సాయంత్రానికి మార్చడం మేలు.

సమస్య: తోటివాళ్లు దూసుకుపోతున్నారు, తనలో ప్రతిభ లేదేమో

పదమూడేళ్లకే మీసం వచ్చిన అబ్బాయీ, పదహారేళ్లకు ఎత్తు పెరగడం మొదలుపెట్టిన అబ్బాయీ ఒకే వయసు విభాగంలో పరుగెత్తుతారు. మొదటివాడి గెలుపులో పెద్ద వాటా ముందుగా వచ్చిన ఎదుగుదలది. మహారాష్ట్ర బీడ్ జిల్లా మాండ్వా గ్రామంలో 1994లో పుట్టిన అవినాశ్ సాబ్లే సైన్యంలో చేరిన తరువాతే, ఇరవయ్యేళ్లు దాటాక 2015లో క్రాస్ కంట్రీ మొదలుపెట్టాడు. 1981 నుంచి గోపాల్ సైనీ పేరిట ఉన్న 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ (అడ్డంకులు, నీటిగుంట దాటుతూ సాగే పరుగు) జాతీయ రికార్డును 2018లో బద్దలుకొట్టి, 2022 కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2023 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 2024లో ప్యారిస్ డైమండ్ లీగ్ పోటీలో 8 నిమిషాల 9.91 సెకన్లకు చేరాడు. పదిహేనేళ్ల వయసులో స్టాప్‌వాచ్ చూసి ఈ ఫలితాలను ఎవరూ ఊహించి ఉండేవారు కాదు. కాబట్టి తోటివారితో పోల్చడం మాని, పిల్లవాడి టైమింగ్‌ను ఏడాది కిందటి అతడి టైమింగ్‌తోనే పోల్చాలి. ఎత్తు పెరగడం ఆగిన తరువాత కనీసం మూడు నాలుగేళ్లు క్రమమైన సాధన జరిగే దాకా అతడి హద్దు ఎక్కడుందో చెప్పడానికి ఆధారం ఉండదు.

ఏ సవరణా ప్రయత్నించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లవలసినవి

పరుగెత్తుతుండగా స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, గుండె దడ లయ తప్పినట్టు అనిపించడం, కుటుంబంలో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా మరణించి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించి, హృద్రోగ నిపుణుడు అనుమతించే దాకా గ్రౌండులోకి దిగనివ్వకూడదు. పరుగు ఆపిన ఐదు పది నిమిషాలకు పిల్లికూతలతో దగ్గు వస్తుంటే అది వ్యాయామంతో వచ్చే ఆస్తమా లక్షణం. తగిన ఇన్‌హేలర్ వాడితే ఆ పిల్లలు కూడా అందరిలాగే పరుగెత్తగలరు.