మధ్యాహ్నం భోజనం తర్వాత షుగర్ ఇలా తగ్గింది

పరగడుపున షుగర్ బాగానే ఉండేది. మధ్యాహ్నం తిన్నాక చూస్తే మాత్రం 220 దాటేది. డాక్టర్ చెప్పిన లక్ష్యం 180 లోపు. మందు పెంచేముందు కంచంలో ఏముందో చూద్దామన్నారు.

భోజనానికి ముందోసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మరోసారి మీటర్‌తో చూసి, ఏం తిన్నానో పక్కనే రాసుకున్నాను. అసలు దారి చూపింది ఆ కాగితమే. ఇప్పుడు కంచంలో సగం ఆకుకూరలు, కూరగాయలు. పావు వంతు పప్పో గుడ్డో చేపో. మిగిలిన పావు వంతే అన్నం. బంగాళాదుంప కూరైతే దాన్నీ అన్నం లెక్కలోనే వేస్తాను. కూర, పప్పు కొంత ఉత్తగా ముందు తినేసి, అన్నం చివర్లో తింటే అంకె ఇంకా తగ్గింది. పీచు, ప్రొటీన్ ముందుగా కడుపులో పడితే పిండిపదార్థం రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ముడిబియ్యానికి మారినా, నాకు రకం కన్నా కొలతే ఎక్కువ పనిచేసింది. పండు కొరికి తింటాను, జ్యూస్ తాగను.

ఇప్పుడు 160 దగ్గర ఉంటోంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు, అది ప్రమాదం.